నలభై మూడో ఇల్లు

మా ఊరు చిల్పూరు, గుట్ట కింద ఉంటది. నేను ఆ ఊరికి చాకలి లచ్చిని. నలభై రెండిండ్ల బట్టలు నా చేతుల మీద పోయేటియి. అప్పట్ల నా చేతుల బలం ఎట్లుండెనంటె, బండ మీద ఒక్క దెబ్బ ఏసిన్నంటె వాగుల చాపలు ఉలికిపడి ఒడ్డు మీద పడుతుండె. మూటతోని కూర సుత ఇంటికి తెచ్చుకునేదాన్ని. మా గాడిద ఇంకో తీరుది. మూట మీదేస్తే చాలు, వాసన పట్టి ఎవలి మూట వాళ్ల ఇంటి ముంగట నిలబడేది. నేను వెనుక కునుకు తీసుకుంట నడిచినా అదే ఊరంత పంచుకుంట పోయేది. ఒక్క పట్వారి ఇంటికాడనే ఆగకపోయేది. పట్వారి అంటె దానికి సుత బుగులే.

గని నీలి సంగతిల నా చేతుల బలం అక్కరకు రాలె, గాడిద తెలివి అక్కరకు రాలె.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన దినాలు. చీకటి పడితే సంగపోళ్లు వచ్చి అవ్వా బువ్వ పెట్టుమంటరు. తెల్లారితే మిలిటరోళ్లు వచ్చి ఎవనికి బువ్వ పెట్టినవని అడుగుతరు. నడుమ మేము తినే బువ్వ ఎవలు అడగరు. అడివిల ఉన్నోళ్ల గతి ఇంకా ఆగమైంది. భూపాలపల్లి దిక్కు గూడేలు, మానుకోట అవుతల తండాలు కాలవెట్టి, మనుషులను లారీలల్ల తోలుకపోయి ముండ్లకంచె నడుమ పెట్టిండ్రు. దాని పేరు క్యాంపు. అడివిల మనుషులు లేకపోతె సంగపోళ్లకు బువ్వ పుట్టదని వాళ్ల లెక్క.

పత్తి ఏరే దినాలల్ల ఒకనాడు పొద్దుగాల నేను రేవుకు పోయిన. బట్టలు ఉడుకబెట్టే బాన కింద రాత్రి నిప్పు ఇంకా ఆరలె. ఆ బూడిదల కాళ్లు పెట్టుకొని ఒక లంబాడి ముసల్ది పండుకున్నది. పక్కన ఒక పడుసుది కూసున్నది, ఆరు నెలల కడుపు. గాగ్రాకు అద్దాలు సగం ఊడిపోయినయి. చేతులకు బొక్కగాజులు మాత్రం భుజం దాక నిండుగ ఉన్నయి. నేను వాళ్లకు సద్ది బువ్వ ఇయ్యబోయిన. పడుసుది బువ్వ దిక్కు చూడలె. ఈ ఊరు క్యాంపుకు ఎంత దూరమని అడిగింది. రెండు దినాల తొవ్వ అని చెప్పిన తర్వాతనే ముద్ద నోట్ల పెట్టింది.

అదే నీలి. ముసల్ది ఆమె అత్త, సక్రి. నీలి మొగడు బీక్యాను సంగపోళ్లకు తొవ్వ చూపెట్టిండని మిలిటరోళ్లు పట్టుకపోయిండ్రు. ఓరుగల్లు జైల్ల ఉన్నడని ఒకలు, లేడని ఒకలు చెప్పిండ్రు. అత్తకోడండ్లను క్యాంపుల ఏసిండ్రు. నీలికి అప్పటికే రెండేండ్ల కొడుకు. క్యాంపుల గత్తర తగిలి వాడు రెండు వాంతులకే పోయిండు. వాని పక్కన ఇంకా ఎనిమిది మంది పిల్లలు పోయిండ్రంట. ఒక్కటే గుంత తీసిండ్రంట. కడుపుల ఉన్నదాన్ని ఆ గుంతకు ఇయ్యనని నీలి కంచె కింద మట్టి చేతులతోని తవ్వి, అత్తను గుంజుకొని బయటపడ్డది.

వాళ్లను ఇంటికి తోలుకొచ్చిన. నా పెనిమిటి ఐలయ్యకు భయమెక్కువ. తన నీడ తనమీదికి వస్తుందని పక్కకు జరిగి నడిచే మనిషి. నన్ను ఏమనలేక గాడిదను తిట్టిండు. తిట్టి తిట్టి, గాడిద కొట్టం ఊడ్చి వాళ్లకు గడ్డి పరిచింది సుత ఆయనే. గాడిద బయట పండుకున్నది. మూడు నెలలు అట్లనే గడిచినయి. నీలి మిరపతోటలకు కూలికి పోయేది. కడుపు పెరుగుతున్నా సాలు ఇడిచిపెట్టేది కాదు. సక్రి మా ఊరి ఆడోళ్లకు రవికెల మీద అద్దాలు కుట్టిచ్చేది. పటేలు భార్య సుత చాటుంగ ఒకటి కుట్టించుకున్నది. ఊరికి వాళ్లు ఉన్నరన్న సంగతి ఎరుకే, గని ఎవలు నోరు తెరిచి అనలె. ఊరుకొత్తలు ఉంటె పటేలు మిలిటరీ చౌకికి చెప్పాలె. చెప్పకుంటె ఊరందరి వీపులు పలుగుతయి. పక్క పల్లెల అట్ల పలిగినయి.

పుష్యమాసంల ఊరవుతలి వాడకట్టు పెద్దమనిషి కట్టయ్య డప్పు కొట్టిండు. ఎల్లుండి తాలూక కచేరి గిర్దావరు సాబు వస్తుండు, ఓట్ల కోసం ఊరోళ్ల పేర్లు రాస్తడు, ఆరు నెలల నుంచి ఊర్లె ఉన్నోళ్లనే రాస్తడు, పేరు రాయించుకున్నోళ్లే ఇగ ఈ దేశపోళ్లు, లేనోళ్లను క్యాంపుకు తోలుతరు, వెనుక లారీ సుత వస్తది. కట్టయ్య నా ఇంటి ముంగటికి వచ్చేసరికి డప్పు మెల్లగ కొట్టిండు. కొట్టంల వాళ్లకు వినపడద్దని. వినపడనే పడ్డది. నీలి బయటికొచ్చి, ఊరవుతల మోట బావి ఎంత లోతని నన్ను అడిగింది. దాంట్ల నీళ్లు లేవు బిడ్డా అని అబద్ధమాడిన.

ఆ మాపటికి చావడికాడ కూసున్నం. కల్లు గీసే పోశయ్య వాగవుతలి పల్లెకు పోయొచ్చిండు. అక్కడ గిర్దావరు ఎట్ల చేసిండో చూసొచ్చిండు. ఆయన పట్వారి కాగితం నమ్మడంట, పటేలు మాట నమ్మడంట. నేరుగ ఊరి చాకలిదాన్ని పిలుస్తడంట. ఎన్నిండ్లకు ఉతుకుతవో చెప్పుమంటడంట. అన్నే ఇండ్లు రాసుకుంటడంట. చాకలి చాకిరి లేని ఊరవుతలి వాడకట్టు లెక్క మాత్రం ఆ వాడకట్టు పెద్దమనిషినే అడుగుతడంట. ఎవలి మీదన్న అనుమానమొస్తే బట్ట అంచు మల్పి చాకలి గుర్తు చూస్తడంట. గుర్తు లేనోళ్లను పదిహేడు మందిని లారీ ఎక్కించిండంట.

మా చాకలోళ్ల గుర్తులంటె చదువు రానోళ్ల అక్షరాలు. నల్లజీడి గింజను దబ్బనంతోని పొడిస్తే పాలు కారుతయి. ఆ పాలు అంచుకు అంటించి మీద సున్నం రాస్తే బట్ట చినిగినా గుర్తు పోదు. మా ఊరి గుర్తు చాపతోక. దాని పక్కన ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. పటేలు ఇంటికి మూడు చుక్కలు, కుమ్మరి భూదేవి ఇంటికి సున్న. ఆ పాలు ఒంటికి తగిలిందా, తోలు బొబ్బలెక్కుతది. అది చాకలోళ్లకు తప్ప ఇంకెవలికి అంతగ తెల్వదు.

గుర్తు పెడుతనని నేనన్న. పటేలు చాలసేపు మీసం గుంజుకున్నడు. ఇద్దరి కోసం నలభై ఇండ్ల వీపులా అని ఒకడన్నడు. ఆ ఇద్దరిల ఒకతి కడుపుల ఇంకొకలున్నరని భూదేవి అన్నది. అట్లయితె ముగ్గురి కోసమా అని వాడన్నడు. భూదేవి వాని తాత ముత్తాతలను, వాళ్లు ఏ ఊరి కరువుకు ఏ ఊరి నుంచి నడిచొచ్చిండ్రో, తొవ్వల ఎక్కడెక్కడ అడుక్కతిన్నరో, చావడి ముంగట ఒక్కొక్కటి ఒలిచి చెప్పింది. వాడు తలగుడ్డ సవరించుకొని కూసున్నడు. చివరికి పటేలు తన మాట చెప్పిండు.

"నేను అబద్ధం చెప్ప. నిజం సుత చెప్ప. నన్నడిగితె నాకు దగ్గొస్తది."

ఆ రాత్రే భూదేవి వాళ్లిద్దరికి ఊరు నేర్పుడు మొదలుపెట్టింది. బావులెన్ని, పటేలు ఎడ్ల పేర్లేంది, మైసమ్మకు బోనం ఏ దినం తీస్తరు, పోయిన ఏడు వాగు ఎంతదాక వచ్చింది. నీలి ఒక్కసారి వింటే మల్ల అప్పజెప్పేది. ఎడ్ల పేర్లే కాదు, వాటి తల్లుల పేర్లు సుత చెప్పింది. సక్రికి ఒక్కటి నిలువలె. ఏదడిగినా నాకు చెవుడు అనేది. అది సుత మంచి జవాబే అని భూదేవి ఇడిచిపెట్టింది. నీలికి చీర కట్టిద్దామంటె బొక్కగాజులు అడ్డమొచ్చినయి. లంబాడోళ్లల్ల మొగడు పోయినంకనే ఆ గాజులు తీస్తరు. తీస్తె బీక్యా లేనట్టే. నీలి చేతులు రెండు కడుపు కింద దాసుకున్నది. ఇగ మేము ఆ మాట ఎత్తలె. అద్దాల గాగ్రాకే గుర్తు పెడుదామనుకున్నం. రేపు పొద్దుగాల నా చీరెలు వాళ్లకు కట్టవెట్టి, వాళ్ల బట్టలు నిమ్మళంగ గుర్తులేసి, సున్నం రాసి, ఎండకేసి, మాపటికల్లా కట్టిస్తనని చెప్పిన.

రేపు అన్న మాటకు లారీకి పగ ఉన్నట్టున్నది. ఎల్లుండి రావల్సింది మరునాడు పొద్దెక్కంగనే చెరువుకట్ట మీదికొచ్చింది. ఐలయ్య చూసి ఉరికొచ్చిండు. అంత భయస్తుడు ఆ దినం ఎంత బిరాన ఉరికిండంటె, ఆయన నీడ ఇంటికి చేరేసరికి ఇంకో గడియ పట్టింది.

చీరె మార్చే టైం లేదు. నేను జీడిగింజ పట్టుకొని ఒంటి మీద ఉన్న గాగ్రాకే పెట్టుడు మొదలుపెట్టిన. ముందు సక్రికి అంచుకు పెట్టిన. మంచిగనే పడ్డది. తర్వాత నీలికి. తొందరల గింజ పగిలింది. పాలు బట్ట దాటి తొడకు దిగినయి. సున్నం కోసం ఎతికితే సున్నపు కాయ ఐలయ్య మొలల ఉన్నది, ఐలయ్య అటక మీద ఉన్నడు. నీలి పండ్లు గిట్టగరిచింది. నుదురంత చెమట. జీడి కాలుతున్నదా బిడ్డా అన్న. ఊ అన్నది. నేను జీడే అనుకున్న. తెల్లవారక ముందు నుంచే ఆమెకు నొప్పులు వస్తున్నయని నాకెట్ల ఎరుక? ఎవలికి చెప్పలె. నొప్పులని చెప్తే వరుసల నిలబెట్టరు, నిలబడకపోతె లెక్కల రాయరని ఆమె అనుకున్నది.

ఊరంత చావడి ముంగట వరుస కట్టినం. గిర్దావరు సాబు సన్నగ, పొడుగ్గ, తెల్లటి పైజామల ఉన్నడు. కోపం లేదు, నవ్వు లేదు. తక్కెడ తీరు మనిషి. పక్కన నలుగురు జవాన్లు. పట్వారి కాగితాలు ఇయ్యబోతె పక్కకు పెట్టిండు. వాడకట్టు లెక్క కట్టయ్య చెప్పిండు, రాసుకున్నడు. పటేలును అడగంగనె పటేలుకు దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు. చావడి మీది పావురాలు లేచి జనగామ దాక పోయి మాపటికి వచ్చినయి. గిర్దావరు ఆ దగ్గు అయ్యేదాక ఆగి, అయిపోదని తెలుసుకొని, నన్ను పిలిచిండు. ఎన్నిండ్లకు ఉతుకుతవని అడిగిండు. నలభై రెండు అన్న. నోటికి అలవాటైన లెక్క. నలభై మూడు అనాల్నని అప్పుడు గుర్తుకు రాలె. ఆయన రాసుకున్నడు. చాకలిది ఉతికే ఇల్లే ఊరిల్లని అందరు వినేటట్టు చెప్పిండు.

నడుచుకుంట వచ్చి నీలి ముంగట ఆగిండు. ఊరి సంగతులడిగిండు. బావులు చెప్పింది. ఎడ్లు చెప్పింది. నడుమ నడుమ ఊపిరి ఆపుకుంట చెప్పింది. అంచు మల్పి చూసిండు. చాపతోక ఉన్నది. దాని పక్కన నా ఇంటి గుర్తే ఏసిన, ఇంకోటి తోచక. ఆయన వేలితోని రుద్ది చూసిండు. నల్లగ అంటింది.

"ఇరవై ఏండ్ల నుంచి ఈ తాలూకల తిరుగుతున్న. లంబాడోళ్లు చాకలికి బట్టలెయ్యంగ ఎన్నడు చూడలె."

నిజమే. వాళ్ల బట్టలు వాళ్లే ఉతుక్కుంటరు. మా తాత కాలం నుంచి తండా బట్ట ఒక్కటి మా రేవుకు రాలె. ఊరంత కూసొని ఎడ్ల తల్లుల పేర్లు నేర్పినం గని, ఈ సంగతి ఒక్కలకు తట్టలె. నా గుర్తే వాళ్లను పట్టిచ్చింది. గుర్తు పెట్టకపోతె ఇంకేదన్న చెప్పుకుందుమేమో. ఇద్దరిని లారీ ఎక్కియ్యుమన్నడు. దొంగ గుర్తు పెట్టినందుకు నన్ను సుత ఎక్కియ్యుమన్నడు. అటక దిగి వచ్చిన ఐలయ్య నా కొంగు పట్టుకున్నడు. నన్ను ఎక్కిస్తె తనను సుత ఎక్కియ్యాలంటడేమో అనుకున్న. ఆయన కొంగు మాత్రం ఇడువలె.

నీలి రెండడుగులు ఏసింది. మూడో అడుగు పడలె. లారీ చక్రం పట్టుకొని కిందికి జారింది. ఉమ్మనీరు పోయి దుమ్ము తడిసింది. భూదేవి చూసి ఆడోళ్లను కేకేసింది. చేసేదేం లేక చావడి వెనుక పశువుల కొట్టంలకు మోసుకపోయినం. నలుగురు చీరె కొంగులు అడ్డం పట్టిండ్రు. పటేలు భార్య సుత పట్టింది, అద్దాల రవికె తొడుక్కునే వచ్చింది, దాచుకునే సోయి లేదు.

గిర్దావరు గడియారం చూసుకున్నడు. కాన్పు అయినంక ఎక్కియ్యుమన్నడు. డ్రైవరు మెల్లగ తల అడ్డం ఊపిండు. తొమ్మిది దినాలు కానిది బాలింతను బండెక్కియ్యనన్నడు, తన ఇంట్ల సుత ఒకతి ఉన్నదన్నడు. గిర్దావరు ఏమన్న అనేవాడే, గని అప్పటికే ఆయన వేలు మొదలుపెట్టింది. ముందు దురద. తర్వాత మంట. చూస్తుండంగనె బెండకాయ అంత వేలు వంకాయ అంత అయింది, వంకాయ బుడమకాయ అయింది. పెన్ను పట్టరాలె. పక్క వేళ్లు జాగ లేక పక్కకు తప్పుకున్నయి. జీడికి మందు చాకలోళ్లకే ఎరుక. నన్ను లారీ ఎక్కియ్యకుండ ఆపిండ్రు.

నువ్వులు, వెన్న కలిపి నూరాలె. నా బతుకుల మందు అంత తీరుబాటుగ ఎన్నడు నూరలె. ఒక్కొక్క నువ్వు గింజను పేరు పెట్టి పిలిచి నూరినట్టు నూరిన. నడుమ నడుమ లేచి కొట్టంలకు పోయి చూసొచ్చిన. నీలి అరవలె. అరిస్తె క్యాంపోళ్లు వింటరని అలవాటైపోయింది ఆమెకు. తొడ మీద జీడి బొబ్బలు రూపాయి బిళ్లలంత లేచినయి. సక్రి కోడలి తల ఒళ్లె పెట్టుకొని, మా ఎవలికి తెల్వని వాళ్ల మాటల ఏదో చెప్పుకుంట కూసున్నది. ఒకపారి నీలి నా చెయ్యి పట్టుకొని దగ్గరికి గుంజి అన్నది, అక్కా, ఇది బయటికి రాకుంటెనే మంచిది, వస్తె ఎక్కడికి వస్తదని. ఎప్పుడు ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని, ఆ దినం లేచి పోయి నువ్వులు నూరిన.

పొద్దు నడినెత్తి మీదికొచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. పుట్టంగనె ఏడ్వలె. భూదేవి కాళ్లు పట్టి తలకిందులు చేసి రెండు దెబ్బలేసింది. ఏడ్వలె. మూడోది ఏసింది. అప్పుడు ఏడ్సింది. ఆ ఏడుపు బలహీనంగ ఉన్నది, గని చావడి దాక పోయింది.

మా ఊర్లె కాన్పైతె ముందు చాకలిదాన్నే పిలుస్తరు. పురుటి బట్టలు ఇంకెవలు ముట్టరు. ఆ బట్టలు మూట కట్టుకుంటుంటె నాకు తట్టింది. గిర్దావరు ముంగటికి పోయి మూట చూపెట్టిన. చాకలిది ఉతికే ఇల్లే ఊరిల్లని మీరే చెప్పిండ్రు గద సాబు, నేను ఇప్పుడు పోయి ఉతుకుత, మీరు చూడుండ్రి అన్న. ఆయన ఏమనకముందే నడిచిన. నా వెనుక ఒక జవాను వచ్చిండు, వాని వెనుక సగమూరు వచ్చింది.

ఉతికిన. నేను ఎప్పుడు అంత నెమ్మదిగ ఉతకలె. చాపలు బయటికి రాలె, బండ చప్పుడు సుత కాలె. రక్తం నీళ్లల్ల పోయేదాక పిసికిన. ఎండల ఆరేసిన. కాళ్ల మీద నిలబడి అది ఆరేదాక చూసిన. ఆరినంక ఐలయ్య మొల నుంచి సున్నపు కాయ గుంజుకొని, ఈసారి సరిగ్గ చేసిన. చాపతోక పెట్టిన. దాని పక్కన ఏ ఇంటికి లేని కొత్త గుర్తు, పక్కపక్కన నాలుగు గీతలు, పెట్టిన. సున్నం రాసిన. తీసుకపోయి ఆయన ముంగట పరిచిన.

పుస్తకం పటేలు చేతుల ఉన్నది. పుట్టినోళ్లను, సచ్చినోళ్లను రాసే పుస్తకం. పటేలు దగ్గు ఎటు పోయిందో పోయింది. గొంతు సవరించుకొని, ఈ దినం ఈ ఊర్లె ఆడపిల్ల పుట్టిందని, చాకలి లచ్చి బట్టలు ఉతికిందని, రాయకపోతె తన పని పోతదని మర్యాదగ చెప్పి రాసిండు. గిర్దావరు వేలికి మందు పట్టిచ్చుకొని, బట్ట మీది గుర్తును చాలసేపు చూసిండు. ఈసారి ముట్టలె. నలభై రెండు కొట్టేసి నలభై మూడు రాసిండు. ఎడమ చేత్తోని రాసిండు, కుడి చెయ్యి పని చేస్తలేదు.

తర్వాత కొట్టం దిక్కు చూసి అన్నడు.

"పుట్టింది ఊరిది. పాలిచ్చేది ఊర్లె ఉండాలె. ముసల్ది ఎవలికి పాలిస్తది?"

భూదేవి ఏదో అనబోయింది. నేను నూరిన మందు గిన్నె పట్టుకొని నిలబడ్డ. సాబు, వేలికి ఇంకోపారి రాయాలె, రేపటిదాక ఉండుండ్రి అన్న. ఆయనకు అర్థమైంది. గిన్నె నా చేతుల నుంచి తీసుకొని, తనతోని తీసుకపోతనన్నడు. పదిహేడు మందిని ఒక ఊర్లె, ఇరవై మందిని ఇంకో ఊర్లె ఎక్కించి, ఈ ఊర్లె ఇద్దరున్నరని అప్పటికే కాగితం మీద రాసిండు. ఇద్దరిల ఒకతిని కొట్టేసిండు. ఇంకొకతిని కొట్టేయడానికి ఆయన చెయ్యి లేవలె.

సక్రి కోడలి తలను ఒళ్లె నుంచి దించి గడ్డి మీద పెట్టింది. లేచి వచ్చింది. తనకు చెవుడని చెప్పిన మనిషి అన్ని విన్నది.

"నాకు పాలు లేవు బేటా. నేనే ఎక్కుత."

నీలి లేవబోయింది. లేవరాలె. చేతులు నేలకు ఆనించి పాకబోయింది. ఆడోళ్లు పట్టుకున్నరు. అప్పుడు అరిచింది. పొద్దుగాల నుంచి అరవంది అప్పుడు అరిచింది. సక్రి వెనుకకు చూడకుండ నడిచి, లారీ ఎక్కేముందు నా దగ్గర ఆగింది. పిల్ల బట్టలు నీడల ఆరెయ్యద్దని, ఎండలనే ఆరెయ్యాలని, లేకుంటె జలుబు పడుతదని చెప్పింది. ఎక్కంగ ఒక జవాను చెయ్యిచ్చిండు. ఆమె బరువు లేక వాడు ఎక్కువ బలం పెట్టి తూలిండు.

నెల దినాలకు ఐలయ్య గాడిదను తోలుకొని మానుకోట అవుతలి క్యాంపుకు పోయిండు. నేను పొమ్మనలె. పటేలు చిట్టి రాసిచ్చిండు, ముసల్ది మా ఊరి మనిషి, ఇడిచిపెట్టుండ్రి అని. ఈ దినం నాకు దగ్గు లేదని పటేలే అన్నడు. ఆరో దినం ఐలయ్య ఒక్కడే వచ్చిండు. గాడిద మీద ఎవలు లేరు. కొట్టంల కూసొని మంచినీళ్లు తాగి చెప్పిండు.

క్యాంపు దర్వాజకాడ సక్రి గాగ్రా అంచు చూసిండ్రంట. చాపతోక ఉన్నది. ఈమెకు ఊరున్నది, ఇక్కడ ఊరు లేనోళ్లకే జాగ, అసలే జాగ చాలుత లేదు, నీ ఊరికి నువ్వు పో అని మూడో దినమే బయటికి ఎల్లగొట్టిండ్రంట. నేను ఒంటి మీద పెట్టిన గుర్తు. ఆమె నా ఊరు ఎటు దిక్కని అడిగి నడుసుడు మొదలుపెట్టిందంట. రెండు దినాల తొవ్వ. నెల దాటింది.

నీలికి చెప్పిన. పిల్లకు పాలిచ్చుకుంట విన్నది. అక్కా, ఆమెకు మన ఊరి పేరు ఎరుకేనా అని అడిగింది. అప్పుడు గుర్తుకొచ్చింది, భూదేవి బావుల లెక్క నేర్పింది, ఎడ్ల పేర్లు నేర్పింది. ఊరి పేరు నేర్పిందో లేదో ఎవలికి గుర్తులేదు.

ఎతికినం. ఐలయ్య ఎంత తిరిగిండంటె గాడిద గిట్టలు అరిగి మేక అంత ఎత్తైంది. మొగుళ్లపల్లి అంగట్ల ఒక లంబాడి ముసల్ది అద్దాలు అమ్ముతున్నదంటె పోయినం, ఆమె కాదు. జనగామ టేషన్ల ఒకామె వచ్చే బండి పోయే బండిల చిల్పూరు ఎటు అని అడుగుతున్నదంటె పోయినం, ఆమె నిన్ననే వెళ్లిందన్నరు. నేను నీలికి దినానికో తీరు చెప్పేదాన్ని. ఇయ్యాల ఒక పెండ్లిల కనపడ్డదట, దావతు దొబ్బి తిని, దండిగ ఒళ్లు చేసిందట. పులి ఎదురైతే దాని చెవులు మెలిపెట్టి తొవ్వ అడిగిందట, పులికే చిల్పూరు తెల్వక ఏడ్సిందట. నీలి నవ్వేది. నవ్వి పిల్లను పండవెట్టి, ఇంటి బయటికి పోయి చెరువుకట్ట దిక్కు చూసుకుంట నిలబడేది.

బీక్యా రెండేండ్లకు వచ్చిండు. ఓరుగల్లు జైల్లనే ఉన్నడంట, పండ్లు నాలుగు పోయినయి. బొక్కగాజులు చూసి ముందు వాటినే పట్టుకున్నడు. తర్వాత పిల్లను చూసిండు. ఆ తర్వాత అమ్మ ఏదని అడిగిండు. నీలి చెప్పలె, నా దిక్కు చూసింది. నేను పులి కత చెప్పలె. జరిగింది జరిగినట్టు చెప్పిన, గుర్తు నేనే పెట్టిన్నని సుత చెప్పిన. బీక్యా ఎన్నో దినాలు అడివి తొవ్వలు తిరిగొచ్చిండు. ఒకరోజు తిరుగుడు ఆపి కొట్టం పక్కన గుడిసె ఏసుకున్నడు. నలభై మూడో ఇల్లు అదే. ఆ ఇంటి బట్టలు ఒక్కటి సుత నా రేవుకు రావు, పురుటి బట్టలు తప్ప. తర్వాత మూడు కాన్పులైనయి.

మల్ల పేర్లు రాసే ఏడు వచ్చింది. ఈసారి వేరే మనిషి వచ్చిండు, పడుసు పిల్లగాడు, ఇంటింటికి తిరిగి రాసుకుంటుండె. గుడిసె ముంగట నిలబడి ఇంట్ల ఎందరని అడిగిండు. బీక్యా తన పేరు చెప్పిండు. నీలిని బీక్యా భార్య అని రాసిండు. ఇంకెవలని అడిగిండు. బీక్యా చెరువుకట్ట దిక్కు చూసిండు. నేను అప్పుడు మూట దించుకుంటున్న.

"సక్రి. నా తల్లి."

ఎక్కడున్నదని పిల్లగాడు చూసిండు. చెలుకకు పోయిందని బీక్యా చెప్పిండు. ఎప్పుడొస్తదని వాడు అడగలె. రాసుకున్నడు. రాసినంక చదివి వినిపియ్యుమని నీలి అడిగింది. పిల్లగాడు చదివిండు, సక్రి, వయసు అరవై ఐదు, ఈ ఊరి నివాసి. మల్ల ఒక్కపారి చదువుమన్నది. వాడు విసుక్కోకుండ మల్ల చదివిండు.